పాత హైటెన్షన్ లైను మారుస్తున్నారా? బెంగళూరులో మీ అభ్యంతరం ఫైలులోకి చేరే దారి

ఇంటి పక్కగా వెళ్లే 66 కేవీ లైను పీకేసి కొత్తది వేస్తున్నారని తెలియగానే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మొదట వచ్చే ప్రశ్న ఒకటే: "మనల్ని అడక్కుండా ఎలా వేస్తారు?" చాలా సందర్భాల్లో చట్టం ప్రకారమే అలా వేయొచ్చు. ఈ సంగతి ముందే తెలిసినవాళ్లు, దాన్ని మార్చలేమని వదిలేసి, మార్చగలిగిన వాటి మీద పట్టు పడతారు. తెలియనివాళ్లు టవర్ గుంత దగ్గర అడ్డంగా నిలబడి, పోలీసులు వచ్చాక ఇంటికి వెళ్తారు.

మన దేశంలో థర్మల్ ప్లాంటుకు జరిగే పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ కరెంటు లైన్లకు జరగదు. 2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ జాబితాలో ట్రాన్స్‌మిషన్ లైన్లు లేవు. అందుకని షామియానా వేసి, మైకు పెట్టి అందరి మాటా వినే ఒకే ఒక్క రోజు ఉండదు. దానికి బదులు వేర్వేరు ఆఫీసుల్లో చిన్న చిన్న కిటికీలున్నాయి. చెట్ల మాట ఒకచోట, ఖర్చు మాట ఇంకోచోట, పరిహారం మాట మరోచోట. తప్పు కిటికీలో ఎంత మంచి వాదన చెప్పినా వాళ్లు వినరు, వినాల్సిన పనీ లేదు. ఏ మాట ఎక్కడ, ఎప్పుడు చెప్పాలో చూద్దాం. వైట్‌ఫీల్డ్‌లో ఫ్లాట్ ఉన్నవాళ్లకూ, ఊళ్లో బాగేపల్లి దగ్గరో ముళబాగిలు దగ్గరో పొలం పెట్టుకుని ఇక్కడ ఉద్యోగం చేసుకుంటున్న మనవాళ్లకూ దారి ఇంచుమించు ఒకటే.

1. అసలు ఏం మారుస్తున్నారో తేల్చుకోండి

"లైను మారుస్తున్నారు" అనే ఒక్క మాటలో నాలుగు వేర్వేరు పనులు దాగి ఉంటాయి. మొదటిది, టవర్లు అలాగే ఉంచి తీగ మాత్రమే మార్చడం. పాత అల్యూమినియం-స్టీలు తీగ స్థానంలో, ఎక్కువ వేడిని తట్టుకుని తక్కువ వేలాడే కొత్త రకం తీగ వేస్తారు. రెండోది, అదే దారిలో పాత టవర్లు తీసి కొత్తవి నిలబెట్టడం. బెంగళూరులో ఇలాంటప్పుడు ఒకే టవర్ మీద 66 కేవీ, 220 కేవీ రెండూ మోసే రకమో, రోడ్డు డివైడర్‌లో పట్టే ఒంటి స్తంభాల మోనోపోలో ఎంచుకుంటారు. మూడోది, కొంత దూరం దారి మళ్లించడం. నాలుగోది, పైలైను తీసేసి భూమిలో కేబుల్ వేయడం.

మొదటి రకంలో మీరు అడగగలిగేది తక్కువ. పని ఎన్ని రోజులు, కరెంటు ఎప్పుడు తీస్తారు, కొత్త తీగ ఎంత ఎత్తులో ఉంటుంది, అంతే. రెండు, మూడు రకాల్లోనే మీ మాటకు విలువ ఉంది, అదీ సర్వే అయ్యి టవర్ల స్థానాలు ఖాయం కాకముందు. వీధిలో ఎర్ర రంగుతో గుర్తులు, చిన్న సిమెంటు రాళ్లు, మూడు కాళ్ల పరికరంతో నిలబడ్డ కుర్రాళ్లు కనిపిస్తే ఆ రోజే కదలాలి. వాళ్లతో పోట్లాడకండి. ఏ ఆఫీసు, ఏ లైను పేరు, కాంట్రాక్టర్ ఎవరు అని అడిగి, రాసుకుని, ఫోటో తీసుకోండి. సాధారణంగా చెబుతారు.

బెంగళూరులో పెద్ద లైన్లు కర్ణాటక ప్రభుత్వ ట్రాన్స్‌మిషన్ సంస్థ కేపీటీసీఎల్‌వి. ఇళ్లకు వచ్చే 11 కేవీ, అంతకన్నా చిన్న తీగలు నగరంలో కరెంటు పంపిణీ చేసే బెస్కాంవి. బెస్కాం కౌంటర్‌లో 66 కేవీ గురించి ఫిర్యాదు ఇస్తే రసీదు దొరుకుతుంది, జవాబు దొరకదు.

2. లైను ముందా, ఇల్లు ముందా?

ఇంజనీర్ మొదట అడిగేది ఇదే. నగరం చుట్టూ ఉన్న చాలా లైన్లు అక్కడ రాగి చేలు, ద్రాక్షతోటలు ఉన్న రోజుల్లో వేసినవి. లేఅవుట్లు తర్వాత వచ్చాయి. కొన్నిచోట్ల లేఅవుట్ ప్లానులో లైను కింద భాగాన్ని పార్కు అనో రోడ్డు అనో చూపి, తర్వాత సైట్లుగా అమ్మేశారు.

లైను ముందుండి ఇల్లు తర్వాత వచ్చి ఉంటే, లైను జరిపే ఖర్చు ఇంటివాళ్ల మీద పడుతుందని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. ఇక్కడి ఆఫీసుల్లో దీన్ని డిపాజిట్ కాంట్రిబ్యూషన్ వర్క్ అంటారు, అంటే డబ్బు కట్టి చేయించుకునే పని. ఈ బలహీనతను దాచిపెట్టి అర్జీ రాస్తే మొదటి జవాబులోనే అది బయటపడుతుంది. కాబట్టి సేల్ డీడ్, మంజూరైన లేఅవుట్ ప్లాను, బిల్డింగ్ ప్లాను, ఖాతా (ఆస్తి పన్ను రికార్డు) తేదీలు ముందే వరుసగా పెట్టుకోండి. మీ ప్లాను మంజూరు చేసినప్పుడు లైను దగ్గర వదలాల్సిన జాగాను అధికారులు గుర్తించారా లేదా అన్నది ప్లాను మీదే కనిపిస్తుంది. గుర్తించకుండా మంజూరు చేసి ఉంటే అది మీ వాదనలో ఒక మంచి పాయింటు.

దిశాంక్ యాప్ తెరిచి మీరున్న చోట సర్వే నంబరు చూసుకోండి. పొలమైతే భూమి వెబ్‌సైట్‌లో పహణి (భూమి హక్కు, సాగు వివరాల పత్రం) తీసుకోండి. పహణి ఇంకా తాతగారి పేరు మీదే ఉందా? అయితే అభ్యంతరం సంగతి పక్కన పెట్టి ముందు పౌతి ఖాతా, అంటే వారసుల పేరుకు మార్పించుకునే పని చూసుకోండి. పరిహారం చెక్కు పహణిలో ఉన్న పేరుకే వస్తుంది. ఆ పేరు గల మనిషి పోయి ఏళ్లయి, వారసులు నలుగురూ నాలుగు ఊళ్లలో ఉంటే డబ్బు ఏళ్ల తరబడి అక్కడే ఆగిపోతుంది. ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే.

3. మూడు కొలతలు చేతిలో ఉండాలి

కారిడార్ (లైను కోసం వదిలే పట్టీ) వెడల్పు: 66 కేవీ లైనుకు 18 మీటర్లు, 220 కేవీకి 35 మీటర్లు. లైను మధ్య గీత నుంచి అటు సగం, ఇటు సగం. 18 మీటర్లంటే 59 అడుగులు. అంటే 30×40 సైటు పూర్తిగా మింగేసేంత. 66 నుంచి 220కి పెంచుతున్నారంటే ఆ వెడల్పు దాదాపు రెట్టింపు అవుతుందని గుర్తుంచుకోండి. "ఉన్న దారిలోనే కదండీ" అని చెప్పే మాట అప్పుడు పూర్తి నిజం కాదు.

ఇంటికీ తీగకూ దూరం: భద్రతా నిబంధనల ప్రకారం 66 కేవీ తీగ ఇంటి పైనుంచి వెళ్తే నిలువుగా కనీసం 4 మీటర్లు, పక్కనుంచి వెళ్తే అడ్డంగా కనీసం 2.3 మీటర్లు ఉండాలి. 220 కేవీకి నిలువుగా 5.5, అడ్డంగా 3.8 మీటర్లు. నిలువు దూరాన్ని తీగ వేడెక్కి పూర్తిగా కిందికి వేలాడినప్పటి లెక్కతో, అడ్డం దూరాన్ని గాలికి తీగ ఊగినప్పటి లెక్కతో చూడాలి. ఉదయం చల్లగా ఉన్నప్పుడు టెర్రస్ మీద నిలబడి కంటితో అంచనా వేసి "చాలా దూరం ఉందిలే" అనుకోకండి. కొలవడానికి టేపు, కర్ర, పైపు ఏదీ పైకెత్తకండి. హైటెన్షన్ తీగను తాకాల్సిన పని లేదు, దగ్గరికెళితే చాలు షాక్ కొడుతుంది. కొలత లైను సంస్థను అడగండి, వాళ్ల పరికరంతో వాళ్లే కొలిచి రాసివ్వాలి.

మూడోది, టవర్ పాదాల మధ్య స్థలం ఎంత అన్నది. పరిహారం లెక్క అక్కడ నుంచే మొదలవుతుంది కనుక డ్రాయింగు కాపీ కావాలి.

4. ఆర్‌టీఐ వేయండి, కానీ చిన్నగా

కర్ణాటక నిబంధనల ప్రకారం ఒక ఆర్‌టీఐ అర్జీలో ఒకే విషయం, 150 మాటల లోపు ఉండాలి. అందరూ ఇరవై ప్రశ్నలు రాసి తిరస్కరణ తెచ్చుకుంటారు. రెండు అర్జీలుగా విడగొట్టండి. ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. రాకపోతే అప్పీలు అధికారికి మొదటి అప్పీలు.

మొదటి అర్జీలో ఈ లైను పనికి విద్యుత్ చట్టం 2003లోని 164వ సెక్షన్ కింద ఇచ్చిన ప్రభుత్వ ఉత్తర్వు కాపీ, 68వ సెక్షన్ కింద పైలైనుకు ఇచ్చిన ముందస్తు ఆమోదం కాపీ అడగండి. రెండో అర్జీలో మీ సర్వే నంబర్ల మీదుగా వెళ్లే భాగం రూటు మ్యాపు, టవర్ స్థానాల పట్టిక, ప్రొఫైల్ డ్రాయింగు. ప్రొఫైల్ డ్రాయింగు అంటే నేల ఎత్తుపల్లాలు, వాటిపైన తీగ వేలాడే తీరు చూపించే పొడవాటి కాగితం. మీ ఇంటి మీద తీగ ఎంత ఎత్తులో ఉంటుందో అది పట్టిస్తుంది.

164 ఉత్తర్వు ఎందుకంత ముఖ్యమంటే, అది ఉంటే లైను వేసే సంస్థకు 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టంలోని అధికారాలు వస్తాయి. టెలికాం కొత్త చట్టం 2023లో వచ్చినా, కరెంటు లైన్ల వరకు ఆ పాత చట్టంలోని మూడో భాగం వర్తించేలాగే ఉంచారు. ఆ అధికారం ఉన్న సంస్థకు భూయజమాని ముందస్తు అంగీకారం అక్కర్లేదని సుప్రీంకోర్టు పవర్‌గ్రిడ్, సెంచురీ టెక్స్‌టైల్స్ కేసులో 2016లో చెప్పింది. ఉత్తర్వు లేకపోతే కథ వేరు. కేంద్రం 2006లో చేసిన లైసెన్సీల పనుల నియమాల ప్రకారం యజమాని అంగీకారం తీసుకోవాలి, ఒప్పుకోకపోతే జిల్లా మేజిస్ట్రేట్ లేదా పోలీస్ కమిషనర్ అనుమతి తెచ్చుకోవాలి. మీ చేతిలో ఎంత బలం ఉందో ఆ ఒక్క కాగితం చెబుతుంది.

5. ఏ మాట ఏ కిటికీలో

చెట్లు: కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం 1976 కింద చెట్లు కొట్టాలంటే ట్రీ ఆఫీసర్ అనుమతి కావాలి. ప్రజాప్రయోజన పనికి 50కి మించి చెట్లు కొట్టాల్సివస్తే ఆ అధికారి బహిరంగ నోటీసు ఇచ్చి అభ్యంతరాలు తీసుకోవాలి. నగరంలో నిజంగా పనిచేసే కిటికీ ఇదే. గడువు మాత్రం రోజుల్లోనే ఉంటుంది. నోటీసు కన్నడ పత్రికల్లో "సార్వజనిక ప్రకటణె" అనే శీర్షికతో మూలన పడుతుంది. కన్నడ అక్షరాలు కూడబలుక్కుని చదవగలిగే ఒకరిని ప్రతి లేఅవుట్‌లో దీనికి కేటాయించుకోండి. తెలుగువాళ్లకు అదేం కష్టం కాదు. అభ్యంతరంలో "చెట్లు కొట్టొద్దు" అని రాస్తే చాలదు. ఏ చెట్టు, ఎంత చుట్టుకొలత, కొట్టే బదులు కొమ్మలు నరికితే దూరం సరిపోతుందా, టవర్‌ను కొన్ని మీటర్లు జరిపితే ఎన్ని చెట్లు మిగులుతాయి, ఇలా రాయండి. అన్నట్టు బీబీఎంపీ ఇప్పుడు లేదు. 2025 సెప్టెంబరు నుంచి గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద అయిదు కార్పొరేషన్లు పనిచేస్తున్నాయి. మీ వార్డు ఏ కార్పొరేషన్‌లో పడిందో చూసుకుని అర్జీ రాయండి.

ఖర్చు: లైను మార్చే ఖర్చు చివరికి కరెంటు బిల్లులోకే వస్తుంది. కేపీటీసీఎల్ తన ఖర్చుల ప్రతిపాదనలను కర్ణాటక విద్యుత్ నియంత్రణ కమిషన్, అంటే కేఈఆర్‌సీ ముందు పెడుతుంది, సాధారణంగా నవంబరు చివరికల్లా. చట్టంలోని 64వ సెక్షన్ ప్రకారం దాన్ని ప్రచురించి, ప్రజల సూచనలు, అభ్యంతరాలు చూసి, 120 రోజుల్లో కమిషన్ ఉత్తర్వు ఇవ్వాలి. మామూలు మనిషి వెళ్లి కూర్చుని మాట్లాడగలిగే అసలైన బహిరంగ విచారణ ఇదొక్కటే. నోటీసులో ఎన్ని కాపీలు, అఫిడవిట్ కావాలా, చివరి తేదీ ఏది అన్నది ఉంటుంది, అక్షరం పొల్లు పోకుండా పాటించండి. ఇక్కడ "మా ఇంటి మీద లైను వద్దు" అంటే కొట్టేస్తారు. "ఈ లైను సామర్థ్యం ఎందుకు పెంచాలి? ఇప్పుడున్న లోడు ఎంత? కొత్త రకం తీగతో సరిపోయేదానికి కొత్త టవర్లు ఎందుకు?" అంటే జవాబు చెప్పాల్సి వస్తుంది. ఒక మాట మనసులో పెట్టుకోండి. మన వీధిలో కేబుల్ వేస్తే ఆ ఖర్చు ఎక్కడో పావగడలో కరెంటు బిల్లు కట్టేవాళ్ల మీద కూడా కొంత పడుతుంది. కమిషన్ ఆ కోణం నుంచి చూస్తుంది, చూడటం న్యాయమే.

రాష్ట్రాల మధ్య లైన్లు: పవర్‌గ్రిడ్ లేదా ప్రైవేటు సంస్థ వేసే అంతర్రాష్ట్ర లైను మీ ఊరి మీదుగా వస్తుంటే, 164 అధికారం కోరేముందు గ్రామాల పేర్లతో సహా పత్రికా ప్రకటన ఇస్తారు, అభిప్రాయాలు చెప్పడానికి రెండు నెలలు గడువు ఉంటుంది. దేవనహళ్లి, హొసకోటె, చిక్కబళ్లాపుర వైపు భూములున్నవాళ్లు ఆ జాబితాలో ఊరి పేరు వెతుక్కోవాలి. ఈ రెండు నెలల్లో వెళ్లే ఉత్తరాలు చాలా తక్కువ, అందుకే ఒకటి వెళ్లినా కనిపిస్తుంది.

భద్రత, టవర్ స్థానం: కేపీటీసీఎల్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్‌కు, కాపీ జిల్లాధికారికి, అంటే కలెక్టరుకు. దీనికి నోటీసు కోసం ఆగక్కర్లేదు.

ఆరోగ్యం: మీటింగుల్లో ఎక్కువసేపు నడిచేది, ఫైలులో తక్కువ బరువు తూగేది ఈ వాదన. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2002లో తక్కువ ఫ్రీక్వెన్సీ అయస్కాంత క్షేత్రాలను "క్యాన్సర్ కారకం కావచ్చు" అనే 2బీ వర్గంలో పెట్టింది, అంటే సాక్ష్యం పరిమితం. సాధారణ ప్రజలకు 50 హెర్ట్జ్ దగ్గర అంతర్జాతీయ సిఫారసు హద్దు విద్యుత్ క్షేత్రానికి మీటరుకు 5 కిలోవోల్టులు, అయస్కాంత క్షేత్రానికి 2010 నుంచి 200 మైక్రోటెస్లా, అంతకుముందు 100. కాబట్టి "లైను వల్ల క్యాన్సర్ వస్తుంది" అని రాయకండి. "పని ముందు, పని తర్వాత మా టెర్రస్ మీద క్షేత్రాలు కొలిచి రాతపూర్వకంగా ఇవ్వండి" అని రాయండి. ఇది తోసేయడం కష్టం. కేబుల్ వేస్తే క్షేత్రం పోతుందన్నది కూడా పొరపాటు. కేబుల్‌కు సరిగ్గా పైన అయస్కాంత క్షేత్రం ఎక్కువే ఉండొచ్చు, పక్కకు జరిగేకొద్దీ గబగబా తగ్గుతుంది.

6. ఉత్తరం రాయడం

ఒకే పేజీ. కన్నడలో లేదా ఇంగ్లీషులో. మొదట తెలుగులో ఆలోచించి రాసుకోవడంలో తప్పు లేదు, నేనైతే అలాగే చేయమంటాను, ఆవేశం కాస్త తగ్గి అసలు విషయం బయటకు వస్తుంది. మచ్చుకు ఇలా ఉండాలి:

"ఫలానా లైను మార్పు పనిలో టవర్ 14, 15 మధ్య భాగం మా లేఅవుట్ మూడో క్రాస్ మీదుగా వెళ్తోంది. ఇక్కడ తొమ్మిది ఇళ్లు ఉన్నాయి, ప్లాను మంజూరు కాపీలు జతచేశాం. మాకు కావలసినవి మూడు. ఒకటి, ఈ భాగం ప్రొఫైల్ డ్రాయింగు. రెండు, టవర్ 15ను పక్కనే ఉన్న ప్రభుత్వ జాగాలోకి జరపడం వీలవుతుందా, కాకపోతే కారణం. మూడు, తీగ లాగే తేదీలు కనీసం వారం ముందు నోటీసు బోర్డులో పెట్టడం. దీనికి రాతపూర్వక హింబరహ ఇవ్వగలరు."

హింబరహ అంటే ఆఫీసు ఇచ్చే లిఖిత జవాబు. ఆ మాట వాడితే కాగితం కదులుతుంది. యాభై మంది సంతకాలతో ఒకే ఉత్తరం కన్నా, ఎవరి ఇంటి కొలత వాళ్లు రాసిన తొమ్మిది ఉత్తరాలు మేలు. ప్రతి దానికీ సీలు, తేదీ వేసిన కాపీ తీసుకోండి. "రేపు రండి, సీలు వేసేవాడు లేడు" అంటే అక్కడే బయటికొచ్చి స్పీడ్ పోస్టు చేయండి.

"లైను వద్దే వద్దు" అనే ఉత్తరం నా లెక్కలో వృథా. వాళ్లు ఒప్పుకోగలిగిన రెండో దారి మీరే చూపించాలి. టవర్ నాలుగు మీటర్లు ఇటు, పాదాల టవర్ బదులు మోనోపోల్, స్కూలు దగ్గర టవర్ ఎత్తు పెంచడం. ఇవన్నీ ఇంజనీర్ తన స్థాయిలోనే సిఫారసు చేయగలడు.

7. విచారణ రోజు

కేఈఆర్‌సీ బహిరంగ విచారణకు పేరు నమోదు చేసుకుని ముందే కూర్చోండి. మాట్లాడటానికి కొద్ది నిమిషాలే ఇస్తారు. ఉత్తరం చదవకండి, అది వాళ్ల దగ్గర ఉంది. ఒక ఫోటో, ఒక కొలత, ఒక కోరిక, అంతే. కన్నడ రాకపోతే ఇంగ్లీషులో చెప్పొచ్చు, కానీ మొదటి రెండు మాటలైనా కన్నడలో చెప్పండి. పక్కింటి కన్నడ పెద్దాయన్ని తోడు తీసుకెళ్తే ఇంకా మంచిది. ఇది బయటి ఊళ్లనుంచి వచ్చినవాళ్ల గొడవ కాదని తెలుస్తుంది.

జిల్లాధికారి ముందు విచారణ వేరు. మీరు అడ్డుకున్నారని సంస్థ ఫిర్యాదు చేస్తే టెలిగ్రాఫ్ చట్టం 16వ సెక్షన్ కింద అది మొదలవుతుంది. అక్కడ మీరు ప్రతివాదులు. పనికి అనుమతిస్తూ ఉత్తర్వు వచ్చాక మళ్లీ అడ్డుపడితే అది నేరం అవుతుంది. అంతదాకా రాకముందే మీ మాట రికార్డులో ఉంటే, ఉత్తర్వులో షరతులు పెట్టించుకునే అవకాశం ఉంటుంది.

8. పరిహారం

వీలైనంత తక్కువ నష్టం చేయాలి, చేసిన నష్టానికి పూర్తి పరిహారం ఇవ్వాలి అని టెలిగ్రాఫ్ చట్టం 10వ సెక్షన్ చెబుతుంది. పంట, చెట్లు, కాంపౌండ్ గోడ, బోరు పైపులు అన్నీ ఇందులోకి వస్తాయి. భూమి విలువ విషయంలో కేంద్ర విద్యుత్ శాఖ 2015 మార్గదర్శకాలు టవర్ పాదాల స్థలానికి 85 శాతం, కారిడార్‌కు 15 శాతం వరకు అన్నాయి. 2024 జూన్‌లో వచ్చిన కొత్త మార్గదర్శకాలు టవర్ స్థలానికి 200 శాతం, కారిడార్‌కు 30 శాతం అన్నాయి. 2025 మార్చిలో పట్టణ ప్రాంతాలకు రేట్లు పెంచుతూ అనుబంధం వచ్చింది. రాష్ట్ర లైన్లకు ఏ రేటు వర్తిస్తుందన్నది రాష్ట్ర ఉత్తర్వును బట్టి ఉంటుంది. కాబట్టి జిల్లాధికారి ఆఫీసులో మొదటి ప్రశ్న: "మా లైనుకు ఏ ఉత్తర్వు ప్రకారం లెక్క కట్టారు?" పాత రేటుతో చెక్కు చేతిలో పెట్టి సంతకం చేయించుకోవడం ఉన్నదే. తీసుకోవాల్సివస్తే "అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని రసీదు మీద రాయండి.

ఉన్న కారిడార్‌లోనే తీగ మాత్రం మారిస్తే భూమి విలువ అడగడం బలహీనమైన వాదన. పని వల్ల జరిగిన నష్టం మాత్రం అడగొచ్చు.

మొత్తం చాలలేదనుకుంటే జిల్లా జడ్జి దగ్గరికి 16వ సెక్షన్ మూడో ఉపసెక్షన్ కింద వెళ్లాలి, సివిల్ దావా కాదు. భూమి ఎక్కడుంది, తీగలు ఎలా వెళ్తున్నాయి, మిగిలిన భూమి వాడకం ఎంత తగ్గింది అన్నవి చూసి లెక్క కట్టాలని 2007లో కేరళ విద్యుత్ బోర్డు, లివీషా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే పని మొదలుకాకముందే పొలం, గోడలు, చెట్లు తేదీ కనిపించేలా వీడియో తీసి పెట్టుకోండి.

9. పని జరుగుతున్నప్పుడు, అయ్యాక

తీగ లాగే రోజుల్లో పిల్లల్ని టెర్రస్ మీదికి వెళ్లనివ్వకండి, బట్టలు ఆరేసే ఇనుప తీగలు విప్పేయండి. టవర్ గుంత రాత్రికి మూయకుండా వదిలేస్తే ఫోటో తీసి ఇంజనీర్‌కు అప్పుడే పంపండి. పాత టవర్ విప్పాక కాంక్రీటు మొద్దులు నేలలో అలాగే వదిలేసి పోతుంటారు. దున్నే పొలంలో అది ట్రాక్టరు నాగలికి ప్రమాదం. నేల మట్టం నుంచి ఎంత లోతు వరకు తీయాలన్నది పని మొదలయ్యేముందే రాయించుకోండి. కొత్త లైనులో కరెంటు ఎక్కించాక ఎండాకాలంలో, లోడు ఎక్కువున్న మధ్యాహ్నం, మీ ఇంటి దగ్గర తీగ దూరం కొలిచి సంతకంతో ఇమ్మని మరో ఉత్తరం పెట్టండి. ఆ కాగితాన్ని ఇంటి పత్రాలతో పాటే దాచండి. ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాళ్ల బ్యాంకు మొదట అడిగేవాటిలో అదీ ఒకటి కావచ్చు.